తులసికోట మీద పెట్టిన వాచర్

ఉదయ్ భాస్కర్‌కు ఆ ఉదయం ఉన్నది చిన్న పని. కారుకు ఇంజన్ ఆయిల్ మార్చాలి. తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యనూ తల్లినీ ఎక్కించుకుని ఖమ్మం నుంచి అశ్వారావుపేట పోవాలి. అక్కడ బావగారు వెంకటనారాయణ తన పామాయిల్ తోట పక్కన కొత్త ఇల్లు కట్టాడు. ఆ రోజే గృహప్రవేశం. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం కొత్త పొయ్యి మీద పాలు పొంగించవలసింది ఆడపడుచు. ఆ ఆడపడుచు ఉదయ్ భాస్కర్ భార్య పద్మప్రియ.

శుభకార్యానికి పోయే పూట ఎవరైనా కారు కిందికి దూరతారా అంటే, కోపం ఉన్నవాడు దూరతాడు. ఉదయ్ భాస్కర్‌ది మూడేళ్ల నాటి కోపం. ఆ కారు వెంకటనారాయణ దగ్గర కొన్నదే. కొన్న ఏడాదికే ఇంజన్ కింద నూనె చుక్కలు కనబడ్డాయి. "కారే బండిని అంటగట్టినవు బావా" అని ఉదయ్ భాస్కర్ ఒక పెళ్లి భోజనాల్లో బంతి నిండా జనం ఉండగా అన్నాడు. "నా దగ్గరున్నన్ని దినాలు ఒక్క చుక్క కారలే. ఇప్పుడు కారుతుందంటే అది నీ చేతి మహిమ" అని వెంకటనారాయణ తిప్పికొట్టాడు. పప్పులోకి నెయ్యి రాకముందే ఇద్దరూ విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. ఆనాటి నుంచి రాకపోకలు లేవు. పద్మప్రియ అన్నతో మాట్లాడాలంటే ఫోను పట్టుకుని మేడ మీదికి పోయేది.

గృహప్రవేశం పిలుపు వచ్చిన రోజున ఆమె భర్తకు ఒక్క మాట చెప్పింది. "నేను పోయి పాలు పొంగియ్యాలె. మీ కోపం వల్ల ముహూర్తం తప్పిందనుకోండి, నేను అక్కడనే ఉండిపోత. మళ్ళ ఈ గడప తొక్క." పద్మప్రియ అరిచే మనిషి కాదు. అరవదు కాబట్టే ఆ మాటకు ఉదయ్ భాస్కర్ నిజంగా భయపడ్డాడు.

ఆయనకు ఖమ్మంలో పురుగుమందుల దుకాణం ఉంది. మెకానిక్కులంటే నమ్మకం లేదు. ఊళ్లోనే ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆయిల్ మార్చడం ఇంటి ముందే, తన చేతుల మీదే. ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్ ఉంటుంది. దానికి ఒక బోల్టు. బోల్టు విప్పితే పాత నూనె దిగిపోతుంది. ఆ బోల్టు తల కింద ఉంగరమంత రాగి వాచర్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు అది నలిగి సందు మూసేస్తుంది. ఒకసారి నలిగినదాన్ని మళ్ళీ వాడకూడదని అందరూ చెబుతారు. ఉదయ్ భాస్కర్ ప్రతిసారీ పాతదే ఎక్కించేవాడు. తాను ఆయిల్ మార్చడం మొదలుపెట్టినప్పటి నుంచే బండి కారుతోందన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

ఈసారి మాత్రం ఆయిల్ డబ్బా కొన్నచోట దుకాణమతను ఒక కొత్త వాచర్ ఊరికే చేతిలో పెట్టాడు. "ఇది వెయ్యండి సార్, పాతదైతే కారుద్ది" అన్నాడు. "నాకు నేర్పుతున్నవా" అని ఉదయ్ భాస్కర్ అతని మీద కూడా కోప్పడ్డాడు. కోప్పడ్డా, వాచర్‌ను జేబులో వేసుకున్నాడు. బావగారి కొత్త ఇంటి ముందు ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే ఆ మనిషి నవ్వుతాడు. ఆ నవ్వును ఊహించుకుంటేనే ఉదయ్ భాస్కర్‌కు ఒళ్లు మండిపోయేది.

అందుకని కారు కిందికి దూరేముందు వాచర్‌ను భద్రమైన చోట పెట్టాలనుకున్నాడు. నేల మీద పెడితే దొర్లిపోతుంది. గోడ మీద పెడితే కాకి ఎత్తుకుపోతుంది. వాకిట్లో ఎవరూ అశ్రద్ధగా చెయ్యి పెట్టని చోటు తులసికోట ఒక్కటే. దాని అంచు మీద పెట్టి, గోనెసంచి పరుచుకుని, కారు కిందికి జరిగాడు.

నూనె అంతా దిగి, బోల్టు తుడుచుకుని బయటికి వచ్చేసరికి తులసికోట మీద వాచర్ లేదు. కొత్తగా పెట్టిన బొట్టు, రెండు మందారాలు మాత్రం ఉన్నాయి.

"పద్మా, ఇక్కడ వాచర్ పెట్టిన. ఏడ పడేసినవ్?"

"ఊడ్చినాక నేను అటు దిక్కే రాలే. ఏ వాచర్?"

"రాగిది. గుండ్రంగ, నడుమ బొక్క. గింతంత ఉంటది. ఊడ్చి పారేసినవా?"

"మీరు లేవకముందే ఊడ్చిన. ఆమాటకొస్తే మీరు ఇంక గురక పెడుతున్నరు."

ఉదయ్ భాస్కర్ చీపురు విదిలించాడు. చెత్తబుట్ట కుమ్మరించాడు. కాల్వలో చెయ్యి పెట్టాడు. ఆ వస్తువు ఎలా ఉంటుందో పద్మప్రియకు నాలుగైదు సార్లు వర్ణించాడు. ఒక్కో వర్ణనకూ గొంతు పెరిగింది. లోపల దేవుడి గదిలో గంట మోగుతోంది. "అమ్మా, ఇక్కడ ఇంజన్ సామాను నువ్వేమన్న తీసినవా?" అని అటు తిరిగి కేకేశాడు.

"ఇంజన్ సామానుతో నాకేం పనిరా బాస్కరూ. పూజలో ఉన్నా, మాట్లాడించకు" అంది రాఘవమ్మ.

పద్మప్రియ గోడ గడియారం వైపు చూసింది. ఆ చూపుతో ఆయనకు తిక్క రేగింది. నలిగిన పాత వాచర్‌నే మళ్ళీ బోల్టుకు ఎక్కించి కారు కిందికి పోయాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, పొద్దుటి నుంచి పోగైన కోపమంతా ఆ బోల్టు మీద చూపించాడు. పానా పట్టి తిప్పాడు. చాలదని పానా మీద కాలు పెట్టి తొక్కాడు. ఎక్కడో టక్కుమంది. గట్టిగా బిగిసిందన్నమాట అనుకుని తృప్తిపడ్డాడు. ఆ శబ్దం చాంబర్ లోపలి మరలు తెగిన శబ్దం. కొత్త నూనె పోసి, పాత నల్ల నూనెను పారబోయడానికి మనసొప్పక ఖాళీ డబ్బాలోకి వంచి, మూత పెట్టి, డిక్కీలో సర్దాడు. దాని పక్కనే బావగారికి కానుకగా చేయించిన టేకు దేవుడి మందిరం ఉంది.

బయలుదేరేముందు రాఘవమ్మ ఎదురొచ్చింది. చేతిలో పసుపు దారం, దానికి పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట. కొడుకు కోపం తగ్గాలంటే శుభకార్యం జరిగే చోట వాడి వేలికి రాగి ఉంగరం తొడగాలని వీధి చివరి గుడి అయ్యగారు నెల కిందట ఆమెకు చెప్పాడు. ఆనాటి నుంచి ఉంగరం తెమ్మని ఆమె అడుగుతూనే ఉంది. ఉదయ్ భాస్కర్ తెస్తానంటూనే ఉన్నాడు.

"చెయ్యి చాపు నాయనా. అడగంగ అడగంగ నువ్వే తెచ్చినవు. పాలు పొంగేదాక ఈ ముడి విప్పగూడదు" అంది.

"ఏం తెచ్చిననో ఏమో. టైమైతుంది, జల్దీ కట్టు" అంటూ ఉదయ్ భాస్కర్ మూతి ముడుచుకునే చెయ్యి చాపాడు. ఆయన కళ్లు అప్పుడు కూడా వాచర్ కోసం నేలంతా వెతుకుతున్నాయి.

వైరా దాటాక ఉదయ్ భాస్కర్ అందుకున్నాడు. ఇంట్లో వస్తువు పెట్టినచోట ఉండదనీ, ఒక మనిషి ప్రాణం విసిగేదాకా ఎవరికీ చీమ కుట్టదనీ సత్తుపల్లి దాకా మాట్లాడాడు. సత్తుపల్లి దాటి రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలయ్యాక, స్టీరింగ్ వెనక, ఇంజన్‌లో నూనె తగ్గిందని హెచ్చరించే ఎర్రటి బొమ్మ వెలిగింది. మూతి సాగిన చిన్న గిన్నె, కొసన చుక్క.

వెనక సీటు నుంచి రాఘవమ్మ ముందుకు వంగి చూసింది. "దీపం వెలిగిందిరా. మంచి శకునం" అని కళ్లకు అద్దుకుంది.

ఆయన అటు చూడలేదు. ఆయన చూపు అద్దంలో ఉంది. ఒక బైకు అంటుకున్నట్టే వెనక వస్తోంది. నడిపేవాడు హారన్ కొడుతూ, చెయ్యెత్తి పదేపదే నేలను చూపిస్తున్నాడు.

"చూసినవా వాని పొగరు. నన్ను దిగమంటుండు. రోడ్డు వాని అయ్యదా?"

"ఆపి అడగరాదూ. ఏమన్న పడిపోయిందేమో" అంది పద్మప్రియ.

"ఆపితే భయపడ్డడనుకుంటడు."

ఆపలేదు సరిగదా, వేగం పెంచాడు. బైకువాడు పక్కకొచ్చి "కింద చూడు, కింద" అని అరిచాడు. ఉదయ్ భాస్కర్ అద్దం దించి, దిగితే ఎవరు కింద పడతారో తేల్చుకుందామన్నాడు. ఈ వరసలో ముందు కారు, వెనక కేకలు పెట్టే బైకు, మలుపు తిరిగి అటవీశాఖ చెక్‌పోస్టు ముందుకు వచ్చాయి. అడవిలో కారు పారిపోతోంది, వెనక ఎవడో ఆపమని తరుముతున్నాడు. కాపలాలో ఉన్న బీట్ ఆఫీసర్ జంపక్కకు ఇంకేం కావాలి. ఆమె గేటు దించేసింది.

"డిక్కీ తియ్యండి సార్."

"ఎందుకు? నేను దొంగ లెక్క కనబడుతున్ననా?"

"దొంగలు గింత కోపానికి రారు సార్. మంచిగ మాట్లాడుతరు. తియ్యండి."

డిక్కీలో దుప్పటి కప్పిన కొత్త టేకు మందిరం వాసన గుప్పుమంది. జంపక్క దొంగ కలప దొరికినట్టు దాన్నీ, ఆయననూ మార్చి మార్చి చూసి, పోయి గేటు పక్క కుర్చీలో కూర్చుంది. ఉదయ్ భాస్కర్ తన దుకాణం పేరు చెప్పాడు, తన పలుకుబడి చెప్పాడు, పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. ఒక్కో మాటకూ జంపక్క కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలింది. చివరికి పద్మప్రియ కారు దిగి ఆమె ముందు నిలబడింది.

"అమ్మా, మా అన్న ఇంట్ల ఇయ్యాల నేను పాలు పొంగియ్యాలె. మూడేండ్ల తర్వాత పోతున్న. ఈ మందిరం ఖమ్మంల చేయించినం. చేసిన వడ్లాయన నంబర్ ఇదిగో, నువ్వే మాట్లాడు. ఈయనతోని మాట్లాడకు."

జంపక్క ఫోనులో మాట్లాడి తల ఊపింది. అప్పటికి బైకువాడు కూడా దిగి వచ్చాడు. పేరు రవికుమార్. దమ్మపేట దిక్కు తండాకు చెందినవాడు, అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో పని. అతని ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది.

"సత్తుపల్లి దాటిన కాడ్నుంచి మొత్తుకుంటున్న. నీ బండి కింద నూనె ధార కడుతుంది. ఆ నూనె మీద నేను జారి పడ్డ. లేసొచ్చి చెప్తుంటే కొట్లాటకొస్తవా? ఏం మనిషివి నువ్వు?"

ఉదయ్ భాస్కర్‌కు బదులు చెప్పాలనిపించింది. కారు కిందికి వంగి చూశాక అనిపించలేదు. పొద్దున పోసిన తేనె రంగు నూనెలో చాలా భాగం రోడ్డు పాలైంది. మిగిలింది బోల్టు పక్క నుంచి దారంలా దిగుతోంది. వేలితో తిప్పితే బోల్టు తిరుగుతూనే ఉంది, బిగియడం లేదు. ముహూర్తం దగ్గర పడుతోంది. ఆ రోడ్డు మీద కిరాయికి ఆటో కూడా దొరకదు.

"మరలకు దారం చుట్టి ఎక్కిస్తే కొంతసేపన్న ఆగుద్దేమో చూద్దాం" అన్నాడు రవికుమార్. అతని కోపం ఇంకా తగ్గలేదు గానీ కూర్చుని బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. చుట్టూ చూసి, ఉదయ్ భాస్కర్ మణికట్టు మీద ఆగాడు. "ఆ పసుపు దారం విప్పియ్యి."

"అది ముట్టుకోవద్దు" అని రాఘవమ్మ కొడుకు చేతిని రెండు చేతులా పట్టుకుంది. "పాలు పొంగకముందు విప్పితే కీడు. బండి పోతే పోయింది, దారం ఇయ్య."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. ఇక్కడ మణికట్టుకు కట్టుకుని అడవి దాకా వచ్చారు. పద్మప్రియ జడలోని మల్లెపూల దండ తీసింది. దారం లాగింది. పూలు ఒక్కొక్కటే ఆమె పట్టుచీర కుచ్చెళ్ల మీద రాలాయి. పుట్టింటి వేడుకకని తెల్లవారుజామునే లేచి తానే కట్టుకున్న దండ అది. ఆమె భర్త వైపు చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అంత కోపంగా చూడడం ఆయన ఎరగడు.

దారం చుట్టి బోల్టు ఎక్కించారు. ఇంజన్‌లో పోయడానికి నూనె కావాలి. ఉన్నది డిక్కీలోని పాత నల్ల నూనె ఒక్కటే. ఉదయ్ భాస్కర్ పళ్లు కొరుక్కుంటూ పొద్దున తీసిన నూనెను తీసిన బండిలోనే తిరిగి పోశాడు. రవికుమార్ చేతులు తుడుచుకుని, థాంక్స్ చెప్పించుకోవడానికి కూడా ఆగకుండా బైకెక్కాడు. జంపక్క గేటు లేపింది.

పామాయిల్ తోట మలుపు దగ్గర నుంచే సన్నాయి వినబడింది. ఉదయ్ భాస్కర్ ఒకటి గట్టిగా అనుకున్నాడు. కారును రోడ్డు మీదే వదిలేయాలి, లోపలికి నడిచిపోవాలి. కానీ గేటు దగ్గర వెంకటనారాయణే నిలబడి ఉన్నాడు. కొత్త పంచె, నుదుట బొట్టు. చెల్లెలిని చూసి మొహం విప్పారింది. తన చేతులతో గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు.

"లోపలికి తే బావా. పంతులు తొందర పెడుతుండు."

"ఇక్కడనే ఉండనీ బావా. నడిచొస్తం."

వెంకటనారాయణ మొహం వాడిపోయింది. "నా వాకిట్లకు బండి తేవడానికి గూడ మనసొస్తలేదా? ఇంక కోపం పోలేదా?"

పద్మప్రియ ముందుకు చూస్తూనే మెల్లగా అంది. "పోనియ్యండి లోపలికి."

ఉదయ్ భాస్కర్ కారును లోపలికి పోనిచ్చాడు. గేటు లోపల ఎర్రమట్టి అలికి వేసిన పెద్ద ముగ్గు, ముగ్గు దాటాక వరండా దాకా పరిచిన తెల్లటి పాలరాయి. ఇంజన్ ఆపి దిగుతున్నప్పుడు ఆయనకు కారు కింద టప్పుమన్న శబ్దం ఒకటి వినబడింది. వెనక్కి తిరిగి చూడకుండా గడప లోపలికి నడిచాడు.

ముహూర్తం తప్పలేదు. వదినగారు తన జడలోంచి సగం దండ తుంచి పద్మప్రియ తలలో పెట్టింది. కొత్త పొయ్యి మీద పాలు పొంగి నాలుగు వైపులా పొర్లాయి. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని కళ్లు తుడుచుకున్నారు. ఉదయ్ భాస్కర్ గుండెల మీది బండ దిగినట్టయింది. పద్మప్రియ ఇక అక్కడే ఉండిపోదు. అంతలో రాఘవమ్మ ఆయనను వంటింటి మూలకు పిలిచింది.

"పాలు పొంగినై గదా. చెయ్యి తే" అని ముడి విప్పి, పసుపు గుడ్డ తెరిచింది. అందులో నలగని, మెరిసే, కొత్త రాగి వాచర్ ఉంది.

ఉదయ్ భాస్కర్ దాన్ని అందుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"తులసమ్మ కాడ పెట్టి పోయినవు గదా నాయనా. పూజకే పెట్టినవనుకుని దేవుని ముందు ఉంచి కట్టుకొచ్చిన. ఉంగరం కొంచెం మోటుగుంది. ఉంటే ఏమైతది, రాగి రాగే."

పాల గిన్నె పట్టుకున్న పద్మప్రియ అక్కడే ఉంది. గుండ్రంగా, నడుమ బొక్కతో, గింతంత ఉండే వస్తువు ఏదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుటి నుంచి పడ్డ మాటలన్నీ ఆమె మొహంలో కనబడ్డాయి. ఉదయ్ భాస్కర్ వాచర్‌ను పిడికిట్లో దాచుకున్నాడు. పాతదైతే కారుద్ది అన్న దుకాణమతని మాట ఆయన చెవిలో గింగురుమంది. ఈ ఒక్క పూటే కాదు, మూడేళ్ల నుంచీ ఎందుకు కారుతోందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"బావా, ఒకసారి బయటికి రా" అని వాకిట్లోంచి వెంకటనారాయణ పిలిచాడు.

చుట్టాలంతా కారు చుట్టూ మూగి ఉన్నారు. గేటు నుంచి ముగ్గును చీల్చుకుంటూ నల్లటి గీత. తెల్ల పాలరాయి మీద చాపంత నల్లటి మడుగు. ఉదయ్ భాస్కర్ అలవాటు కొద్దీ ముందుగానే కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. వెంకటనారాయణ మడుగు దాటి వచ్చి, ఆయన పిడికిలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మూడేండ్ల కింద నువ్వు కారుతుందంటే నేను నీ చేతి మహిమ అన్న. అందరి ముందర నిన్ను తక్కువ చేసిన. ఇయ్యాల నా వాకిట్లనే కారి చూపెట్టింది. కారే బండినే అమ్మిన బావా. తప్పు నాది. ఇదే అందరి ముందర చెప్తున్న."

ఈ మాట కోసమే ఉదయ్ భాస్కర్ మూడేళ్లు కాచుకున్నాడు. అది వచ్చినప్పుడు ఏమనాలో అద్దం ముందు ఎన్నోసార్లు అనుకున్నాడు కూడా. ఇప్పుడు ఆ మాట వింటుంటే అరచేతిలో వాచర్ నిప్పులా కాలుతోంది. సిగ్గుతో ఆయన తల వంగిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పద్మప్రియ దగ్గరికొచ్చి భర్త పిడికిలి విప్పి, వాచర్‌ను ఉంగరపు వేలికి పెట్టి, కణుపు దాటేదాకా కసిగా నెట్టింది.

"మా అన్న సంతోషంగ ఉన్నడు. ఇప్పుడు నోరు తెరిచి పండుగ పూట పాడు చెయ్యకండి" అని ఆయనకు మాత్రమే వినబడేలా అంది. "ఇది మాత్రం తియ్యొద్దు. కోపం వచ్చినప్పుడల్లా చూసుకోండి."

ఉదయ్ భాస్కర్ ఆ వేలు చూసుకున్నాడు. "పోనీలే బావా. నా తప్పు గూడ ఉంది" అన్నాడు.

గెలిచినవాడు తగ్గి మాట్లాడాడని చుట్టాలు మెచ్చుకున్నారు. వెంకటనారాయణ ఆయనను కావలించుకున్నాడు. ఎన్నడూ లేనిది కొడుకు నోట తప్పు అన్న మాట రావడం విని రాఘవమ్మ అందరినీ పిలిచి ఆ వేలు చూపించింది. "రాగి ఇట్ల తగిలిందో లేదో అట్ల మెత్తబడ్డడు. అయ్యగారి మాట ఊరికే పోతదా" అంది.

బంతి భోజనాల్లో బావలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈసారి నెయ్యి వచ్చేదాకా ఎవరూ లేవలేదు. ఆ తర్వాత వెంకటనారాయణ తన పూచీ మీద చాంబర్ మార్పించాడు. మార్చిన మెకానిక్ పాత బోల్టునే, నలిగిన పాత వాచర్‌తో సహా ఎక్కించాడు. కొత్తది తెమ్మంటే ఎందుకని బావగారు అడుగుతారని, అడిగితే అసలు సంగతి బయటపడుతుందని ఉదయ్ భాస్కర్ పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు.

ఆయనకు కోపం తగ్గింది; బండికి కారడం తగ్గలేదు, దాని వాచర్ ఆయన వేలికే ఉంది మరి.